బంధం తెగితే వేడి రాదు

ఏ ఊరికి బదిలీ అయినా అక్కడి పాఠశాల పత్రికలో తెలుగు పేజీలకు ఏదో ఒకటి రాయడం నాకు అలవాటు. ఒకసారి సంక్రాంతి ముగ్గుల గురించి రాశాను, ఒకసారి పొడుపు కథల గురించి రాశాను. ఈసారి ఎంథాల్పీ గురించి రాస్తున్నాను. తెలుగు టీచరుకు ఎంథాల్పీతో ఏం పని అని మీరు నవ్వుకోవచ్చు. పని పడింది కాబట్టే రాస్తున్నాను.

కిందటి అక్టోబరులో ఒకరోజు కెమిస్ట్రీ సారు సెలవులో ఉంటే, పదకొండో తరగతికి నన్ను అరేంజ్‌మెంట్ పీరియడ్‌కు పంపారు. పిల్లలు ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. చివరి బెంచీలో ఒక అమ్మాయి ఒంటరిగా కూర్చుని ఒకే లెక్కను కొట్టేస్తూ, మళ్ళీ రాస్తూ ఉంది. నెల కిందటే వేరే రాష్ట్రం నుంచి వచ్చి చేరింది. మన తెలుగమ్మాయే. దగ్గరికి వెళ్ళి చూశాను. మీథేన్ వాయువు మండితే ఎంత వేడి వస్తుందో కనుక్కోమని లెక్క. ఆమెకు జవాబు ప్లస్ గుర్తుతో వచ్చింది. పుస్తకం వెనక చూస్తే మైనస్ ఉంది.

"మేడమ్, పాత స్కూల్లో ప్రొడక్ట్స్‌లోంచి రియాక్టెంట్స్ తీసెయ్యమన్నారు. ఇక్కడేమో రియాక్టెంట్స్‌లోంచి ప్రొడక్ట్స్ తీసెయ్యమంటున్నారు. ఏది కరెక్టో తెలియడం లేదు" అంది.

ఇంటర్‌లో నేనూ ఎంపీసీ చదివినదాన్నే. కానీ నాకూ ఆ నిమిషంలో జవాబు తట్టలేదు. అందుకని ఫార్ములా పక్కనపెట్టి, "గ్యాస్ పొయ్యి వెలిగిస్తే వంటగది వేడెక్కుతుందా, చల్లబడుతుందా?" అని అడిగాను. నవ్వింది. "మరి నీ లెక్క ప్రకారం పొయ్యి వెలిగిస్తే గిన్నెలో నీళ్ళు గడ్డకట్టాలి కదమ్మా" అన్నాను. చుట్టుపక్కల పిల్లలు కూడా ఇటు తిరిగారు. అప్పుడు తరగతి మొత్తాన్ని అడిగాను: "అణువులో బంధం తెగితే ఏమవుతుంది?"

"శక్తి విడుదలవుతుంది" అని దాదాపు అందరూ ఒకే గొంతుతో చెప్పారు.

అది తప్పు. ఆ తప్పు గురించే ఈ వ్యాసం.

నా అభిప్రాయం ఏమిటంటే, ఈ తప్పు లెక్కల్లో పుట్టింది కాదు, మాటల్లో పుట్టింది. చిన్న తరగతుల నుంచి మనం "ఇంధనంలోని బంధాల్లో శక్తి దాగి ఉంటుంది" అనే వాక్యం వింటూ వస్తున్నాం. ఆ వాక్యం వినగానే మన మనసులో ఒక బొమ్మ పడుతుంది. మూట ముడి విప్పితే లోపలి శనగలు బయటికి రాలినట్టు, బంధం తెగితే లోపలి శక్తి బయటికి రాలుతుందని అనుకుంటాం. బొమ్మ బాగానే ఉంది కానీ నిజానికి సరిగ్గా తలకిందులుగా ఉంది.

రెండు అయస్కాంతాలు తీసుకోండి. అతుక్కుని ఉన్నప్పుడు వాటిని విడదీయాలంటే మీరు బలం పెట్టి లాగాలి. ఖర్చు మీది. దగ్గరికి తెచ్చి వదిలేస్తే టప్పుమని అతుక్కుంటాయి. ఆ చప్పుడు కలిసినప్పుడు బయటపడిన శక్తిలో ఒక చిన్న భాగం. అణువుల్లో పరమాణువుల సంగతీ ఇంతే. బంధం తెంపాలంటే శక్తి పెట్టాలి. బంధం ఏర్పడితే శక్తి వస్తుంది. దీనికి మినహాయింపు లేదు.

ఇంట్లోనే రుజువు కావాలంటే కుండ ఉంది. నేను రాజస్థాన్‌లో పనిచేసిన రోజుల్లో వేసవిలో ఫ్రిజ్ నీళ్ళకంటే కుండ నీళ్ళే హాయిగా ఉండేవి. కుండ చెమ్మగిల్లుతుంది, పైకి వచ్చిన నీరు ఆవిరవుతుంది. ద్రవంగా ఉన్న నీటిలో అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు వదిలించుకుని గాలిలోకి పోవాలంటే శక్తి కావాలి. మామూలు గది వేడిమి దగ్గర ఒక మోల్ నీటికి, అంటే 18 గ్రాములకు, సుమారు 44 కిలోజౌళ్ళు. ఆ శక్తిని ఆవిరి కుండ నుంచీ లోపలి నీళ్ళ నుంచీ లాక్కుంటుంది. అందుకే నీళ్ళు చల్లబడతాయి. ఇక్కడ నీటి అణువులోని బంధాలు తెగలేదు, అణువుల మధ్య ఉన్న చిన్న పట్టు మాత్రమే వదిలింది. దానికే ఇంత ఖర్చు. పట్టు వదిలితే వేడి పుట్టేదైతే, ఎండాకాలం కుండలో నీళ్ళు కాగిపోవాలి.

మరి మంట ఎక్కడినుంచి వస్తుంది? కలయిక నుంచి. హైడ్రోజన్, క్లోరిన్ కలిసి హైడ్రోజన్ క్లోరైడ్ అయ్యే చర్యను చూద్దాం. ఒక మోల్ హైడ్రోజన్‌లో బంధాలు తెంపడానికి 436 కిలోజౌళ్ళు, ఒక మోల్ క్లోరిన్‌లో బంధాలు తెంపడానికి 242 కిలోజౌళ్ళు కావాలి. మొత్తం ఖర్చు 678. తర్వాత రెండు మోల్‌ల హైడ్రోజన్ క్లోరైడ్ ఏర్పడుతుంది. ఒక్కో మోల్‌కు 431 చొప్పున రాబడి 862. ఖర్చు పోను మిగిలింది 184 కిలోజౌళ్ళు. ఆ మిగులే మనకు వేడిగా అందుతుంది. ఇంటి పద్దు రాసుకున్నంత సులువు. ఖర్చు కంటే రాబడి ఎక్కువైతే అది ఉష్ణమోచక చర్య, రాబడి కంటే ఖర్చు ఎక్కువైతే ఉష్ణగ్రాహక చర్య. మోచనం అంటే విడిచిపెట్టడం, గ్రహించడం అంటే తీసుకోవడం. ఈ రెండు తెలుగు మాటలు తెలిస్తే ఏది ఏదో విడిగా గుర్తుపెట్టుకునే అవసరమే ఉండదు.

ఇక ఆ అమ్మాయి లెక్క. ఒక మోల్ మీథేన్ మండాలంటే రెండు మోల్‌ల ఆక్సిజన్ కావాలి. తెంపవలసినవి నాలుగు కార్బన్–హైడ్రోజన్ బంధాలు, ఒక్కోదానికి సగటున 416; రెండు ఆక్సిజన్ జంట బంధాలు, ఒక్కోదానికి 498. మొత్తం ఖర్చు 2660 కిలోజౌళ్ళు. ఏర్పడేవి కార్బన్ డయాక్సైడ్‌లో రెండు కార్బన్–ఆక్సిజన్ జంట బంధాలు, ఒక్కోదానికి 799. నీటి ఆవిరిలో నాలుగు ఆక్సిజన్–హైడ్రోజన్ బంధాలు, ఒక్కోదానికి 463. మొత్తం రాబడి 3450. మిగులు 790 కిలోజౌళ్ళు. జవాబు మైనస్ 790.

ఈ పద్దులో ఇంకొక సంగతి చూడండి. పాత బంధాలతో పోలిస్తే కొత్త బంధాలు గట్టివి. అందుకే రాబడి ఎక్కువ. వేడి అంతా గ్యాస్‌లోనే దాగి ఉందనడం సరికాదు. ఆక్సిజన్ వచ్చి కలిస్తేనే ఆ వేడి. గాలి ఆడకుండా మూత పెడితే మంట ఆరిపోవడం మీరు చూసే ఉంటారు. పొయ్యి తనంతట తాను వెలగకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. రాబడి ఎంత ఉన్నా, ముందు కొంత పెట్టుబడి పెట్టాలి. లైటరు నిప్పురవ్వ పెట్టేది ఆ మొదటి పెట్టుబడి. దాన్నే ఉత్తేజన శక్తి అంటారు.

జీవశాస్త్రంలో ఏటీపీ గురించి "చివరి ఫాస్ఫేట్ బంధం తెగితే శక్తి వస్తుంది" అని చదివినవాళ్ళకు అనుమానం వస్తుంది. అక్కడ కూడా ఆ బంధం తెగడానికి ఖర్చే అవుతుంది. నీటితో కలిసి కొత్త బంధాలు ఏర్పడినప్పుడు వచ్చే రాబడి ఆ ఖర్చును మించుతుంది. ఒక మోల్‌కు సుమారు 30 కిలోజౌళ్ళ ఉపయోగపడే శక్తి అలా మిగులుతుంది. పుస్తకం ఆ నికర లెక్కను ఒక్క ముక్కలో చెప్పింది, మనం మధ్యలో మెట్టు మర్చిపోయాం.

ఇప్పుడు రెండు స్కూళ్ళ రెండు ఫార్ములాల తగాదా తీరుద్దాం. రెండూ సరైనవే. పాత స్కూల్లో నేర్పింది సంఘటన ఎంథాల్పీలతో కట్టే పద్ధతి. ఇక్కడ నేర్పుతున్నది బంధ ఎంథాల్పీలతో కట్టే పద్ధతి. ఒక బావిని ఊహించుకోండి. పరమాణువులు కలిసినకొద్దీ బావిలో కిందికి దిగుతాయి. సంఘటన ఎంథాల్పీ ఆ పదార్థం ఎంత లోతున ఉందో చెబుతుంది. బంధ ఎంథాల్పీ అక్కడినుంచి పైకి లాగడానికి ఎంత తాడు కావాలో చెబుతుంది. లోతు మైనస్‌లో రాస్తాం, తాడు పొడవు ప్లస్‌లో రాస్తాం. అందుకే తీసివేత ఒకచోట ఒక వరుసలో, రెండోచోట ఎదురు వరుసలో వస్తుంది. ఇది తెలియకుండా ఒక పద్ధతి అంకెలను రెండో పద్ధతి ఫార్ములాలో వేస్తే, వంటగది గడ్డకడుతుంది.

సంఘటన ఎంథాల్పీలతో అదే మీథేన్ లెక్క కడితే మైనస్ 802 వస్తుంది. మనకు వచ్చింది మైనస్ 790. ఆ 12 తేడా ఎందుకని అదే అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. మీథేన్‌లో నాలుగు బంధాలూ చూడటానికి ఒకేలా ఉన్నా, ఒకటి తెగాక రెండోది, రెండోది తెగాక మూడోది తెంపడానికి పట్టే శక్తి వేరువేరు. పైగా అవే బంధాలు వేరే అణువుల్లో ఉంటే విలువలు కొద్దిగా మారతాయి. మనం వాడేవి సగటు అంకెలు. సగటుతో కట్టిన లెక్క దగ్గరికి తీసుకెళుతుంది, గుమ్మంలోకి తీసుకెళ్ళదు. కొన్ని పుస్తకాల్లో 890 అని ఉంటుంది. అది నీరు ఆవిరిగా కాకుండా ద్రవంగా మారినప్పటి విలువ. కుండ దగ్గర చెప్పుకున్న 44 గుర్తుందా? రెండు మోల్‌ల నీటికి 88. 802కు 88 కలపండి.

మైనస్ గుర్తు గురించి తెలుగు టీచరుగా ఒక మాట. తెలుగులో మైనస్‌ను ఋణం అంటాం, ప్లస్‌ను ధనం అంటాం. ఋణం అంటే అప్పు కూడా. అందుకని మైనస్ అనగానే మనకు ఏదో పోయిందనిపిస్తుంది. నిజమే, పోయింది. కానీ ఎవరి ఖాతాలోంచి? చర్య జరిగే పదార్థం ఖాతాలోంచి. అది పోగొట్టుకున్నదే మన గిన్నెకు, మన చేతులకు అందింది. మైనస్ చూసినప్పుడల్లా "ఎవరి పద్దు?" అని అడగండి. గుర్తు ఇక తప్పదు.

మర్నాడు కెమిస్ట్రీ సారుకు ఇదంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "మేడమ్, బాగుంది. కానీ సిలబస్ కొండంత ఉంది. ఫార్ములా ఇస్తే పిల్లలు రెండు నిమిషాల్లో మార్కులు తెచ్చుకుంటారు. మీ కుండా బావీ చెప్పాలంటే ఒక పీరియడ్ పోతుంది" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఒకే ఊళ్ళో, ఒకే టీచరు దగ్గర ఏడాదంతా చదివే పిల్లవాడికి ఫార్ములాతో గడిచిపోతుంది. కానీ మన పిల్లల సంగతి వేరు. సగం పాఠం ఒక ఊళ్ళో, సగం పాఠం ఇంకో ఊళ్ళో. ఇక్కడ ఒక టీచరు గుర్తులు, అక్కడ ఇంకొక టీచరు గుర్తులు. ఫార్ములాలు పాత స్కూలు నోటుబుక్కుల్లో ఉండిపోతాయి, ఒక్కోసారి సామాను లారీలోనే పోతాయి. అర్థమైన విషయం మనతో వస్తుంది. అందుకే బదిలీల పిల్లలకు ఆ ఒక్క పీరియడ్ దండగ కాదని నా వాదన. మిగతావాళ్ళకంటే మీకే అది ఎక్కువ అవసరం.

ఈ అధ్యాయంలోనే మీలాంటి ఒకాయన ఉన్నాడు. హెస్ నియమం చదువుతారు కదా, ఆ జెర్మేన్ హెన్రీ హెస్. ఆయన 1802లో జెనీవాలో పుట్టాడు. తండ్రి చిత్రకారుడు. ఆయనకు రష్యాలో ఉద్యోగం దొరకడంతో కుటుంబం అక్కడికి తరలిపోయింది. అప్పటికి హెస్ పసివాడు. పెద్దయ్యాక వైద్యం చదివాడు, సైబీరియాలోని ఇర్కుట్స్క్‌లో కొంతకాలం వైద్యుడిగా పనిచేశాడు, ఆ తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రసాయనశాస్త్రంలో స్థిరపడ్డాడు. 1831లో రష్యన్ భాషలో రసాయనశాస్త్ర పాఠ్యపుస్తకం రాశాడు. తాను పుట్టిన ఊరి భాష కాదు, తండ్రి ఉద్యోగం తీసుకెళ్ళిన ఊరి భాష. శక్తి నిత్యత్వ సూత్రం ఇంకా స్థిరపడకముందే, 1840లో, తన నియమం ప్రకటించాడు. చర్య ఒక్క అడుగులో జరిగినా, నాలుగు అడుగుల్లో జరిగినా మొత్తం వేడి ఒకటే. కార్బన్ నేరుగా కార్బన్ డయాక్సైడ్ అయితే మోల్‌కు 393.5 కిలోజౌళ్ళు వస్తాయి. ముందు కార్బన్ మోనాక్సైడ్ అయితే 110.5, అది మళ్ళీ మండితే 283. రెండూ కలిపితే మళ్ళీ 393.5. కార్బన్‌ను మోనాక్సైడ్ దగ్గరే ఆపి కొలవడం చాలా కష్టం. ఈ నియమం ఉంది కాబట్టి మిగతా రెండూ కొలిచి దాన్ని లెక్కతో పట్టుకుంటాం.

మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికి వస్తాను. లెక్క అర్థమయ్యాక బెల్లు కొట్టారు. అందరూ గుంపులుగా బయటికి వెళ్ళారు, ఆమె అక్కడే కూర్చుంది. "నువ్వు వెళ్ళవా?" అన్నాను. "ఎందుకు మేడమ్, రెండేళ్ళకు మళ్ళీ నాన్నగారికి బదిలీ. మొన్న అక్కడ అందరినీ వదిలి వచ్చేటప్పుడు చాలా ఏడ్చాను. ఇక ఎవరితోనూ కలవకూడదనుకున్నాను" అంది. ఆ వయసులో అంత ఖరాఖండిగా చెప్పడం విని నాకు బాధేసింది. ఎందుకంటే నా రెండో పోస్టింగ్‌లో నేనూ అలాగే ఉన్నాను. ఇరుగు పొరుగు పిలిచినా వెళ్ళేదాన్ని కాదు. ఆ ఊరి నుంచి వచ్చేసేటప్పుడు నాకు ఏ బాధా కలగలేదు. ఇప్పుడు తలుచుకుందామంటే ఆ ఊళ్ళో ఒక్క ముఖమూ గుర్తు రాదు.

ఆమెతో ఇలా అన్నాను. "ఇందాక హైడ్రోజన్ బంధం తెంపడానికి ఎంత అన్నావు? 436. మరి ఆ బంధం ఏర్పడినప్పుడు ఎంత వచ్చింది? అదే 436. ఒక్క జౌలు ఎక్కువా లేదు, తక్కువా లేదు. నువ్వు అంత ఏడ్చావంటే, అంత వెచ్చదనం అక్కడ నీకు దొరికిందన్నమాట. హీలియంకు తెంచుకునే బాధ లేదు. కానీ అది ఎవరితో కలిసి ఏ వేడీ పుట్టించదు."

మనుషులు అణువులు కారని నాకు తెలుసు. అణువులు ఫోన్లు చేసుకోవు, పుట్టినరోజులు గుర్తుపెట్టుకోవు. పరీక్షలో ఇలా రాస్తే మార్కులూ రావు. కానీ పెద్దవాళ్ళం మేము బదిలీల పిల్లలతో "మీకు అలవాటే కదా" అని తేలిగ్గా అనేస్తాం. తెంచుకోవడం ఖర్చు లేని పని అన్నట్టు మాట్లాడతాం. మీ పాఠ్యపుస్తకం మాకంటే నిజాయితీగా చెబుతోంది. తెగిన ప్రతి బంధానికీ ఖర్చుంది. కొత్త ఊళ్ళో మొదటి కొన్ని వారాలు ఆ ఖర్చు మీరే భరించాలి. రాబడి తర్వాత వస్తుంది, అది కూడా కలిస్తేనే.

ఆ అమ్మాయి అప్పుడు ఏమీ అనలేదు. ఒక వారం తర్వాత వరండాలో వెళుతుంటే, మెట్ల మీద కూర్చుని పక్క బెంచీ అమ్మాయికి మీథేన్ లెక్క హిందీలో చెబుతూ కనిపించింది. నన్ను చూసి, "మేడమ్, తెంపడానికి ఖర్చు, కలిస్తే రాబడి, కదా?" అని తెలుగులో అంది. అవతలి అమ్మాయి "క్యా బోలీ?" అని అడిగింది. ఆమె దాన్ని మళ్ళీ హిందీలో చెప్పింది.

పిల్లలూ, మీకు నా విన్నపం ఒకటే. ఈ రోజు ఇంటికి వెళ్ళాక అమ్మకో, నాన్నకో, అమ్మమ్మకో కుండ నీళ్ళు ఎందుకు చల్లబడతాయో, గ్యాస్ ఎందుకు వేడినిస్తుందో మీ ఇంటి భాషలో చెప్పి చూడండి. ఇంగ్లీషులో బట్టీ పట్టిన వాక్యం ఇంటి భాషలోకి రాకుండా మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో అక్కడే మీకు అర్థం కానిది ఉంది. రేపు సారును అడగవలసింది ఆ ఒక్క ముక్కే.

— తెలుగు ఉపాధ్యాయిని